పొడిబారి పలచబడుతున్న సన్నని జుట్టుకు షాంపూ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

మీ జుట్టు పుట్టుకతోనే సన్నగా ఉండేదని, ఈమధ్య పొడిబారిందని, పాపిడి దగ్గర పలచబడుతోందని రాశారు. సల్ఫేట్ లేదని చూసి కొన్న షాంపూతో జుట్టు మరింత చిక్కుపడి పీచులా తయారవుతోందని, తలస్నానం చేసిన ప్రతిసారీ గుప్పెడు వెంట్రుకలు ఊడుతున్నాయని, ఆ భయంతో పది రోజులకు ఒకసారి మాత్రమే తల రుద్దుకుంటున్నానని కూడా చెప్పారు. ఏదైనా ఒక మంచి షాంపూ పేరు చెప్పమన్నారు. షాంపూల తయారీ నా వృత్తి. అయినా పేరు చెప్పను. అదే పేరుతో వచ్చే సీసాలోని మిశ్రమం ఏడాదికో, దేశానికో మారిపోతూ ఉంటుంది. సీసా వెనక రాసి ఉన్న పదార్థాల జాబితాను చదవడం వస్తే ఏ దుకాణంలోనైనా మీకు సరిపడే దాన్ని మీరే ఎంచుకోగలరు.

ముందుగా మీ సమస్యలోని మూడు అంశాలను విడివిడిగా చూడాలి. వెంట్రుక సన్నగా ఉండటం దాని మందానికి సంబంధించిన విషయం, జుట్టు పలచబడటం వెంట్రుకల సంఖ్యకు సంబంధించిన విషయం, పొడిబారడం వెంట్రుక పైపొర స్థితికి సంబంధించిన విషయం. మొదటిది ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చే గుణం కనుక దాన్ని షాంపూ మార్చలేదు. రెండోదాన్ని ఆపే శక్తి కూడా షాంపూకు లేదు. మూడోది మాత్రం చాలావరకు మన చేతుల్లో ఉంటుంది, మొదటి రెండూ ఉన్నప్పుడు అదే ఎక్కువ నష్టం కలిగిస్తుంది. ఎందుకంటే వెంట్రుక వ్యాసం సగానికి తగ్గితే దాన్ని తెంపడానికి కావలసిన బలం నాలుగో వంతుకు పడిపోతుంది, వంగకుండా నిలబడే బిరుసుదనం పదహారో వంతుకు తగ్గుతుంది. మందపాటి జుట్టు తట్టుకోగల రాపిడికి సన్నని వెంట్రుక తెగిపోతుంది, మందపాటి జుట్టు మోయగల కండిషనర్ బరువుకు అది మాడుకు అతుక్కుపోతుంది. మీకు షాంపూ ఎంపిక అంత కష్టంగా ఉండటానికి కారణం ఇదే.

ఈసారి తలస్నానం చేశాక ఊడిన వెంట్రుకలను పారేయకుండా ఒక తెల్ల కాగితం మీద పరిచి చూడండి. ఒక చివర చిన్న తెల్లని గుబ్బ ఉండి, మీ జుట్టంత పొడవున్న వెంట్రుక కుదురు నుంచి రాలినది. రెండు చివర్లా గుబ్బ లేకుండా పొట్టిగా ఉన్నది మధ్యలో తెగినది. రాలినవాటిలో చాలా భాగం ఎదుగుదల చక్రం ముగించుకుని, రెండు మూడు నెలల విశ్రాంతి దశ తర్వాత బయటికి వచ్చేవే. మీరు ఏ షాంపూ వాడినా వాడకపోయినా అవి ఎలాగూ ఊడిపోయేవే. తెగినవి మాత్రం మీరు వాడే షాంపూ గురించీ, తల రుద్దుకునే తీరు గురించీ, దువ్వెన గురించీ చెబుతాయి. కాగితం మీద పొట్టి ముక్కలు ఎక్కువగా కనిపిస్తే, కింద నేను రాసేదంతా మీకు పనికొస్తుంది. గుబ్బ ఉన్నవే గుత్తులుగా వస్తుంటే షాంపూ మార్చడంతో పాటు చర్మవైద్య నిపుణులను కలవడం అవసరం. తీవ్రమైన జ్వరం, కాన్పు, శస్త్రచికిత్స, ఒక్కసారిగా బాగా బరువు తగ్గడం వంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు విపరీతంగా రాలడం సాధారణమే కనుక, అలాంటిదేమైనా జరిగిందేమో గుర్తు చేసుకోండి. ఇనుము లోపం, థైరాయిడ్ సమస్య ఉన్నాయేమో రక్తపరీక్షలో తెలుస్తుంది.

తలస్నానానికీ తలస్నానానికీ మధ్య వ్యవధి పెంచడం వల్ల మీకు మేలు జరగడం లేదని నా అభిప్రాయం. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. వాటిలో చాలావరకు మిగతా జుట్టులోనే చిక్కుకుని ఉండిపోయి, నీళ్లు పోసుకున్నప్పుడు ఒక్కసారిగా బయటికి వస్తాయి. పది రోజుల వెంట్రుకలు ఒకేపూట చేతిలోకి వస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అంతకన్నా ముఖ్యంగా, ఇన్నాళ్లు పేరుకున్న జిడ్డునూ చెమటనూ వదిలించడానికి మీరు ఎక్కువ షాంపూ వేసి ఎక్కువసేపు రుద్దాల్సి వస్తుంది. రాలిన వెంట్రుకలు అప్పటికే చిక్కుముడులు కట్టి ఉంటాయి కాబట్టి ఆ రుద్దుడులో మంచి వెంట్రుకలు కూడా తెగుతాయి. తేలికైన షాంపూతో వారానికి రెండు సార్లు, చెమట ఎక్కువ పట్టేవారైతే మూడు సార్లు, తక్కువసేపు తల శుభ్రం చేసుకోవడం సన్నని జుట్టుకు మంచిది. మాడుపై జిడ్డు పేరుకుంటే చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఈస్ట్ పెరగడానికి అనువుగా ఉంటుందన్నది మరో కారణం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. షాంపూలో శుభ్రపరిచే పని చేసేవి సర్ఫాక్టెంట్లు. వీటి అణువుకు ఒక కొన నూనెను పట్టుకుంటుంది, మరో కొన నీటిని పట్టుకుంటుంది. అన్నింటికన్నా కరుకైనదిగా పేరుపడిన సోడియం లారిల్ సల్ఫేట్ మాడులోని ప్రొటీన్లతో చర్య జరిపి, చర్మం తనకు తాను కట్టుకున్న కొవ్వు రక్షణను కూడా లాగేస్తుంది. తయారీలో ఇథిలీన్ ఆక్సైడ్ కలిపి మెత్తబరిచిన దాని రూపమే సోడియం లారెత్ సల్ఫేట్. పేర్లు దాదాపు ఒకేలా ఉన్నా చర్మం మీద వాటి ప్రవర్తన ఒకటి కాదు. ఇవి క్యాన్సర్ తెప్పిస్తాయని 1990 దశకం చివర్లో ఈమెయిళ్ల ద్వారా పాకిన పుకారుకు ఆధారం లేదు. అయినా ఆ భయాన్ని ఆసరా చేసుకుని సీసాల మీద "సల్ఫేట్ రహితం" అన్న మాట స్థిరపడిపోయింది.

ఆ మాట మీకు చెప్పేది ఒక్కటే, అందులో ఏది లేదో. ఏది ఉందో చెప్పదు. సల్ఫేట్ తీసేసి దాని స్థానంలో సోడియం సి14-16 ఒలెఫిన్ సల్ఫొనేట్ వేసిన షాంపూలు చాలా ఉన్నాయి. అది సల్ఫేట్ కాదు, నిజమే. కానీ జిడ్డును వదలగొట్టడంలో సల్ఫేట్లకు ఏమాత్రం తీసిపోదు. పొడిబారిన సన్నని జుట్టుకు అది ప్రధాన పదార్థంగా ఉన్న షాంపూను నేను ఎంచుకోను. మరోవైపు, సోడియం లారెత్ సల్ఫేట్‌ను తక్కువ మోతాదులో వేసి, దానికి కోకామిడోప్రొపిల్ బీటేన్ అనే మృదువైన సర్ఫాక్టెంట్‌ను తగినంత జోడించిన షాంపూ చాలామందికి హాయిగా ఉంటుంది. సర్ఫాక్టెంట్ అణువులు నీటిలో గుంపులుగా చేరి మైసెల్లుగా ఏర్పడతాయి. చర్మంలోకి చొరబడి మంట పుట్టించేవి ప్రధానంగా విడిగా తిరిగే అణువులు, మరీ చిన్న మైసెల్లు. బీటేన్ కలిసినప్పుడు మైసెల్లు పెద్దవవుతాయి, విడిగా ఉండే అణువులు తగ్గుతాయి. కాబట్టి ఒక పదార్థం పేరు చూసి షాంపూ మంచిదనో చెడ్డదనో తేల్చకుండా, దాని పక్కన ఏది ఉందో చూడాలి.

జాబితాలో నీరు మొదట ఉంటుంది. దాని తర్వాత వచ్చే నాలుగైదు పేర్లే మీకు ముఖ్యం. ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, ఒక శాతం లోపువాటిని ఏ క్రమంలోనైనా రాయవచ్చు. నేను చూసే గుర్తు ఫినాక్సీఇథనాల్, అంటే షాంపూ చెడిపోకుండా కాపాడే ఒక నిల్వకారి. యూరప్ నిబంధనల ప్రకారం అది ఒక శాతానికి మించకూడదు కనుక, జాబితాలో దాని తర్వాత కనిపించే మూలికల సారాలూ విటమిన్లూ ఖరీదైన నూనెలూ ఒక శాతం లోపే ఉంటాయని అర్థం. సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో మెరిసే పదార్థం వెనకవైపు జాబితాలో సువాసన తర్వాత ఎక్కడో ఉంటే, దానికోసం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు.

మీ జుట్టుకు నాకు నచ్చే వరుస ఇలా ఉంటుంది: నీరు, కోకామిడోప్రొపిల్ బీటేన్, సోడియం లారోయిల్ మిథైల్ ఐసెథయోనేట్ లేదా డైసోడియం లారెత్ సల్ఫోసక్సినేట్, సోడియం కోకోయిల్ గ్లుటమేట్, కొద్దిగా గ్లిజరిన్, ఆ తర్వాత పాలీక్వాటర్నియం-10, ప్యాంథెనాల్, సిట్రిక్ ఆమ్లం. ఇందులో పాలీక్వాటర్నియం-10ను చూసి రసాయనమని భయపడకండి, మీ చిక్కుల సమస్యకు సమాధానం అందులోనే ఉంది. తడిసిన వెంట్రుక ఉపరితలం రుణావేశంతో ఉంటుంది, ఈ పాలిమర్ ధనావేశంతో ఉంటుంది. షాంపూను నీటితో కడిగేటప్పుడు మిశ్రమం పలచబడగానే ఇది సర్ఫాక్టెంట్లతో కలిసి చిన్న జెల్లులా విడివడి, దెబ్బతిన్న చోట వెంట్రుకకు పలచగా అంటుకుంటుంది. అందువల్ల తడి వెంట్రుకలు ఒకదానిపై ఒకటి జారుతాయి. అదే పని చేసే మరో పదార్థం గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్ట్రైమోనియం క్లోరైడ్. ఇది జాబితాలో మరీ ముందుకు వచ్చినా, ఇలాంటి పాలిమర్లు రెండు మూడు కలిసి ఉన్నా సన్నని జుట్టు మీద పేరుకుని అణిగిపోయేలా చేస్తాయి. ఒకటి చాలు.

మీ ప్రస్తుత షాంపూ జాబితా మీరు పంపలేదు కానీ, లక్షణాలను బట్టి అందులో డెసిల్ గ్లూకోసైడ్ లేదా కోకో గ్లూకోసైడ్ అనే సర్ఫాక్టెంట్ ప్రధానంగా ఉండి, ఇలాంటి పాలిమర్ ఏదీ లేదని నా అనుమానం. గ్లూకోసైడ్లు చర్మానికి మృదువైనవే, పసిపిల్లల షాంపూల్లో కూడా వాడతారు. కానీ అవి ఒంటరిగా ఉన్నప్పుడు కడిగిన జుట్టు కిర్రుమని, వేళ్లు జారకుండా పట్టేసినట్లుంటుంది. చర్మానికి మృదువైనది వెంట్రుకకు కూడా మృదువుగా ఉండాలని లేదు. రంగు వేసిన జుట్టుకు, బ్లీచ్ తగిలిన జుట్టుకు ఈ ఇబ్బంది ఎక్కువ. ఆ చర్యల్లో వెంట్రుక ఉపరితలానికి రసాయన బంధంతో అతుక్కుని ఉండే సహజమైన కొవ్వు పొర చాలావరకు పోయి ఉంటుంది కాబట్టి, రాపిడిని తగ్గించేది బయటి నుంచే రావాలి.

నురుగు గురించి ఒక మాట. మాడుపై నూనె ఎక్కువ ఉంటే మొదటిసారి నురుగు రాదు, అంతమాత్రాన షాంపూ పని చేయడం లేదనుకోకండి. నురుగు తక్కువ వస్తోందని మరో గుప్పెడు వేసుకోవడమే చాలామందిలో పొడిబారడానికి అసలు కారణమని నాకు అనిపిస్తుంది.

ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె అయిన పీహెచ్ విషయానికి వస్తే, మాడు పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది, వెంట్రుకది ఇంకా తక్కువ, దాదాపు 3.67. షాంపూ పీహెచ్ పెరిగేకొద్దీ వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం పెరిగి, వెంట్రుకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేస్తాయి, వాటి పైపొరలోని పొలుసుల అంచులు రాసుకుని చిక్కుపడతాయి. 2014లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 123 షాంపూలను పరీక్షించగా వాటి పీహెచ్ 3.5 నుంచి 9 దాకా ఉంది, 5.5కు మించనివి సుమారు 38 శాతమే. సీసా మీద ఈ అంకె సాధారణంగా ఉండదు. ఒక చెంచా షాంపూను పది చెంచాల శుద్ధజలంలో కలిపి పీహెచ్ కాగితం ముంచితే ఇంట్లోనే తెలుసుకోవచ్చు. 4.5 నుంచి 5.5 మధ్య ఉంటే మీకు తగినది. సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, కఠిన జలంలోని కాల్షియంతో కలిసి తెల్లని పొరలా వెంట్రుకపై అంటుకుంటుంది. కనుక తల సబ్బు, బేకింగ్ సోడా మీ ఆలోచనల్లోకి కూడా రానివ్వకండి. బిళ్ల రూపంలో వచ్చే షాంపూల్లో కొన్ని సబ్బులే, కొన్ని నిజంగా సర్ఫాక్టెంట్ బిళ్లలు. జాబితా మొదట్లో సోడియం పామేట్, సోడియం కోకోయేట్ వంటివి కనిపిస్తే అది సబ్బు. మీ ఇంటి నీరు కఠినమైనదైతే, ఆ కాల్షియంను పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ లేదా టెట్రాసోడియం గ్లుటమేట్ డైఅసిటేట్ ఉన్నది చూసుకోండి.

నురుగు రాని క్లెన్సింగ్ కండిషనర్లు పొడిబారిన జుట్టుకు మంచివని చాలామంది చెబుతారు. ఒత్తుగా, ఉంగరాలు తిరిగిన జుట్టుకు అవి మంచివే. మీ జుట్టుకు మాత్రం నేను వద్దంటాను, ఎందుకంటే వాటిలోని కొవ్వు ఆల్కహాళ్లు, నూనెలు మాడు మీద మిగిలిపోయి, నాలుగు తలస్నానాలు గడిచేసరికి పాపిడి మరింత వెడల్పుగా కనిపిస్తుంది. పొడి షాంపూ జిడ్డును పీలుస్తుందే తప్ప తొలగించదు, అవసరానికి ఒకరోజు వాడుకోవచ్చు. సిలికోన్ల మీద నాకు వ్యతిరేకత లేదు. కాకపోతే సన్నని జుట్టుకు షాంపూలో డైమెథికోన్ కన్నా, కండిషనర్‌లో కొద్దిపాటి అమోడైమెథికోన్ బాగుంటుంది, ఎందుకంటే అది దెబ్బతిన్న చోట్లకే ఎక్కువగా అంటుకుంటుంది. జలవిశ్లేషిత ప్రొటీన్లు, అంటే చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రొటీన్లు, వెంట్రుకకు కొంత నిండుదనాన్ని ఇస్తాయి, అవి ఎక్కువై బిరుసుగా అనిపిస్తే మానేయండి.

జుట్టు మొలిపిస్తామంటూ బయోటిన్, కెఫిన్, ఉల్లిసారం కలిపి అమ్మే షాంపూలకు ఎక్కువ డబ్బు పెట్టకండి. రెండు నిమిషాల్లో నీటితో పోయే పదార్థం కుదుళ్ల దాకా వెళ్లి చేయగలిగింది చాలా తక్కువ. జుట్టు మొలిపిస్తుందనడానికి ఆధారం ఉన్నది మినాక్సిడిల్ అనే మందుకు, మహిళల కోసం 2 శాతం ద్రావణానికి అమెరికాలో 1991లోనే అనుమతి వచ్చింది. అయితే అది మాడు మీద నిలిచి ఉండాల్సిన మందు, షాంపూ కాదు. వైద్యుల సలహాతో మీరు అది వాడుతుంటే, రాసిన తర్వాత కనీసం నాలుగు గంటలు తల తడపకండి. ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ మాడును పొడిబార్చి పొట్టు రాలేలా చేస్తాయి, దాన్ని చుండ్రు అనుకుని కరుకైన షాంపూకు మారేవారిని చూస్తుంటాను. నిజంగానే దురద, జిడ్డుపొట్టు, ఎర్రదనం ఉంటే ఈస్ట్‌ను అణచే కీటోకోనజోల్ అనే మందు కలిపిన షాంపూను వారానికి రెండుసార్లు మాడుకు మాత్రమే పట్టించి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగమని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. అది జుట్టు కొసలను పొడిబారుస్తుంది కాబట్టి, ఆ సమయంలో కొసలకు ముందే కండిషనర్ రాసి కాపాడుకోవాలి.

మృదువైన పదార్థాలు కూడా కొందరికి పడవు. సంపర్క చర్మవ్యాధుల అమెరికన్ సంఘం ఏటా ప్రకటించే ప్రధాన ఎలర్జీ కారకంగా 2004లో కోకామిడోప్రొపిల్ బీటేన్‌ను, 2013లో మిథైల్ ఐసోథయాజోలినోన్‌ను, 2017లో గ్లూకోసైడ్లను ఎంచుకుంది. వీటిలో నేను గట్టిగా దూరం పెట్టమనేది నిల్వకారి అయిన మిథైల్ ఐసోథయాజోలినోన్‌నే. మిగతా రెండూ అత్యధికులకు ఇబ్బంది లేనివి. కొత్త షాంపూ వాడిన ఒకటి రెండు రోజులకు మెడ వెనక, చెవుల వెనక, కనురెప్పల మీద దురద, దద్దు కనిపిస్తే అది అలర్జీ కావచ్చు. షాంపూ నురుగు కారే దారి అదే కనుక మాడు కన్నా ముందు ఆ చోట్లే చెబుతాయి.

షాంపూ ఎంత మంచిదైనా, దాన్ని వాడే తీరు బాగోకపోతే లాభం లేదు. పొడిజుట్టును ముందు వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి చిక్కు తీయండి. జుట్టు మరీ పొడిగా ఉంటే అరగంట ముందు కొసలకు రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకోవచ్చు, తలస్నానంలో వెంట్రుక కోల్పోయే ప్రొటీన్‌ను అది తగ్గిస్తుందని 2003లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. పెద్ద నాణెమంత షాంపూను అరచేతిలో వేసుకుని, నాలుగింతల నీళ్లు కలిపి పలచబరిచి, వేలికొనలతో మాడు మీద మూడు నాలుగు చోట్ల పెట్టండి. గోళ్లు తగలకుండా ఒక నిమిషం లోపు రుద్దండి. జుట్టునంతా నడినెత్తి మీదికి పోగుచేసి ముద్దగా చేసి రుద్దే అలవాటు మీకుంటే అది పూర్తిగా మానుకోవాలి. కొసలను విడిగా రుద్దనక్కర్లేదు, కడిగేటప్పుడు కిందికి జారే నురుగు వాటికి సరిపోతుంది. తర్వాత తేలికపాటి కండిషనర్‌ను చెవుల మట్టం నుంచి కిందికి మాత్రమే రాసి, వేళ్లతోనే పాయలు విడదీసి కడిగేయండి. తడిసిన వెంట్రుక నీటిని పీల్చి ఉబ్బుతుంది, బలహీనపడి సులువుగా సాగుతుంది. అందువల్ల తువ్వాలుతో రుద్దకుండా మెత్తగా అద్దండి, సన్నపళ్ల దువ్వెనను జుట్టు ఆరేదాకా దగ్గరకు రానివ్వకండి.

కొత్త షాంపూను నాలుగైదు తలస్నానాల పాటు చూసి తేల్చుకోండి, ఆ మధ్యలో కండిషనర్‌నో నూనెనో మార్చకండి. తలస్నానం చేసిన మర్నాడు పాపిడి దగ్గర జుట్టు అణిగిపోయి, కొసలు బాగుంటే షాంపూ మీకు బరువైనదని అర్థం, పాలిమర్ తక్కువ ఉన్నదానికి మారండి. కుదుళ్లు తేలికగా ఉండి కొసలు ఇంకా గరుకుగా ఉంటే షాంపూను అలాగే ఉంచి కండిషనర్‌ను మార్చండి. మాడు బిగుసుకున్నట్లు, లాగినట్లు ఉంటే షాంపూ కరుకైనది. కాగితం మీది పొట్టి ముక్కలు తగ్గినా, గుబ్బ ఉన్న వెంట్రుకలు మూడు నెలల తర్వాత కూడా అంతే వస్తుంటే, లేదా పాపిడి ఇంకా వెడల్పవుతుంటే, నెలకోసారి ఒకే వెలుతురులో తీసుకున్న పాపిడి ఫొటోలతో చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. నాణెమంత మచ్చలుగా జుట్టు పోయినా, మాడు నొప్పి పెట్టినా, పుండ్లు పడినా, కుదుళ్ల రంధ్రాలు కనబడకుండా చర్మం నున్నగా మెరుస్తున్నా ఆ మూడు నెలలు కూడా ఆగకండి.